ముప్పయ్యొక్కమంది, ఒకే సంతకం

ముందుగా ఒక మాట. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పత్రికవాళ్ళు దిద్దుతామన్నారు, దిద్దనివ్వండి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఆలస్యానికి మన్నించండి. మిగతాదానికి మన్నించాలో లేదో చదివాక మీరే చెప్పండి.

మాది పెద్దాసుపత్రి బట్టలు ఉతికే షెడ్డు. ముప్పయ్యొక్కమంది ఆడవాళ్ళం. దుప్పట్లు, గౌన్లు, ఆపరేషను గుడ్డలు నానబెట్టి, ఉతికి, నీళ్ళు పిండే మిషనులో తిప్పి, ఆరేసి, ఇస్త్రీ చేసి వార్డులకు పంపాలి. ఆ పిండే మిషను మూత విరిగి ఏడాది దాటింది. మూత వేయించమంటే కాంట్రాక్టరు, "ముందు మీ మూతులు మూసుకోండి" అనేవాడు. మేస్త్రి పడీపడీ నవ్వేవాడు.

ఒకరోజు తిరుగుతున్న దుప్పటి అంచు పొట్టి చేతికి చుట్టుకుంది. పొట్టి అంటే మాలో అందరికంటే చిన్న మనిషి, చిన్న వయసుది. మిషను ఆపేలోపు కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి.

మర్నాడు ఉతికిన దుప్పట్లు పట్టుకుని నేను ఆ వార్డుకే వెళ్ళాను. లేబర్ ఆఫీసరు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన మా కాంట్రాక్టరుకు బావమరిది. పెద్దాయన పార్టీ ఇరవై రెండేళ్ళుగా ఏలుతోంది, ఏ కుర్చీ చూసినా ఎవరో ఒకరి బావమరిదే. పొట్టి జ్వరంతో మూలుగుతోంది. ఆయన దాని ఎడమచేతి బొటనవేలికి సిరా పూసి ఒక కాగితం మీద ఒత్తించాడు.

నాకు చదువొచ్చని అప్పటికి ఎవరికీ తెలియదు. మా ఆయన పోయాక, యాభై ఆరో ఏట, ఒక నర్సమ్మ నేర్పింది. ఆమె యూనిఫాం నేను ఇస్త్రీ చేసేదాన్ని, ఆమె నాకు దుప్పట్ల మీద ముద్రలు చదివించేది. అందుకే ఆ కాగితం వైపు మెడ చాచాను. "నా అజాగ్రత్త" అన్నంతవరకు కూడబలుక్కున్నాను. ఆయన మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. పని పోతుందన్న భయంతో నేను నోరు మెదపలేదు.

వారం తిరక్కుండానే కాంట్రాక్టరు ఆ కాగితం ఊపుతూ షెడ్డుకు వచ్చాడు. "తప్పు నాదేనని అదే ఒప్పుకుంది. వేలిముద్ర ఇదిగో. ఇక నన్నడగొద్దు."

అప్పుడు లేచింది గంట.

గంట అంటే ఆమె గొంతును బట్టి మేం పెట్టుకున్న పేరు. బాయిలరు హోరులో కూడా వినిపిస్తుంది. వచ్చి మూడేళ్ళయింది. నేను ఇరవై ఆరేళ్ళు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డదాన్ని. అంతకుముందు ఏ తగువొచ్చినా, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా "అత్తా, నువ్వు చెప్పు" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. గంట వచ్చాక బల్ల చుట్టూ మనుషులు తగ్గారు. ఆఖరికి మడతల బల్ల దగ్గర పనిచేసే నా కోడలు కూడా, ఇంట్లో మాట మొదలుపెడితే "అక్క అలా అంది, అక్క ఇలా అంది" అనేది. ఆ "అక్క" అన్న మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో ఇస్త్రీపెట్టె పెట్టినట్టుండేది.

టీ వేళకు గంట సబ్బుల పెట్టె ఎక్కింది.

"ఇక ఎవరూ బొటనవేలు ఇవ్వకండి! పొట్టి నాలుగు వేళ్ళు మిషను తింది, ఐదోది ఆఫీసరు తిన్నాడు. ఓటప్పుడు జరిగేదీ అదేగా? వేలిముద్ర వాళ్ళకు చదువు రాదు, తోడు కావాలంటారు. తోడెవరు?"

"మేస్త్రి!" అన్నారు అందరూ.

"ముప్పయ్యొక్క ఓట్లూ వాడే గుద్దుతున్నాడు. సంతకం పెట్టగలిగితే తోడు అక్కర్లేదు, ఒంటరిగా లోపలికి పోవచ్చు. రెండు నెలల్లో ఎలక్షను. నేర్చుకుందాం."

నేనన్నాను, "ఓటేస్తే మిషనుకు మూత వస్తుందా?"

"రాదత్తా. భయం పోతుంది. మూత మనం తెచ్చుకుందాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట నాకెందుకు తట్టలేదా అని ఆ రోజంతా దుప్పట్లు మాడబెట్టాను.

మడతల బల్ల మీద సబ్బు నురగ పరిచి గంట నేర్పింది. "ఒక చుట్ట, ఒక కొక్కెం, చివర తోక. అంతే, సంతకం." వాళ్ళు నురగ మీద రాశారు, ఆవిరి పట్టిన కిటికీ మీద రాశారు. నేను మాత్రం నడుం నొప్పని దూరంగా ఉన్నాను. నెల తర్వాత కోడలు ఇంటికొచ్చి అరచేయి చూపించింది.

"చూడత్తయ్యా, నా సంతకం!"

చూశాను. చదివాను. అది నా కోడలి పేరు కాదు. గంట అసలు పేరు.

మర్నాడు బల్ల దగ్గరికి వెళ్ళి అందరి రాతా చూశాను. అందరూ గంట పేరే రాస్తున్నారు. నాకు అర్థమైంది. గంటకు అక్షరాలు రావు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమె పేరు రాయించి, "సంతకం అంటే ఇదే" అని చెప్పాడట. లోకంలో సంతకమంటే అదొక్కటే అనుకుంది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. నెలరోజుల టైముంది. కానీ చెప్పలేదు. చదివే కార్మికులారా, విద్యార్థులారా, కాంట్రాక్టరు చేసింది రాస్తున్నప్పుడు నేను చేసింది దాచలేను. పోలింగు బూతులో అందరి ముందూ గంట తల దిగిపోవాలి, అప్పుడు నేను ముందుకొచ్చి నా సంతకం నేను పెట్టాలి, అందరూ నోరు తెరవాలి. అదీ నా కోరిక. ఆ నెల నాకు అన్నం బాగా సహించింది.

ఓటు రోజు బడి ఆవరణలో వరసకట్టాం. మేస్త్రి పార్టీ కండువా వేసుకుని గుమ్మం దగ్గరే ఉన్నాడు. గంట అందరికంటే ముందు వెళ్ళింది. సంతకం పెట్టింది, ఓటేసింది, వేలి మీద సిరా చూపిస్తూ బయటికొచ్చింది. రెండోది నా కోడలు.

పుస్తకంలో చూసి పోలింగు ఆఫీసరు తలెత్తాడు. "ఏంటమ్మా ఇది?"

"సంతకమండీ."

"ఎవరి సంతకం?"

"నేనేగా పెట్టాను!"

"నీ పేరేంటి, నువ్వు రాసిందేంటి? ఇప్పుడే పోయినావిడ పేరు కదా ఇది!"

"పేరు కాదండీ, సంతకం," అంది కోడలు, చంటిపిల్లకు చెప్పినట్టు.

"దొంగ ఓటు!" అని మేస్త్రి గావుకేక పెట్టాడు. పోలీసులు కోడలి రెక్క పట్టుకున్నారు. గంట పరుగెత్తుకొచ్చింది.

"దాన్నొదలండి! నేర్పింది నేను. అందరికీ నేనే నేర్పాను. తప్పుంటే నాది."

కోడలిని వదిలి ఆమెను జీపు ఎక్కించారు. ఎక్కుతూ నా వైపు తిరిగి, "ఇందులో తప్పేముందత్తా?" అని అడిగింది. నిజంగానే తెలియక అడిగింది. ఆ తల దిగిపోలేదు. నాదే దిగిపోయింది.

మేస్త్రి చేతులు దులుపుకున్నాడు. "అయిందిగా నాటకం! రండి, బుద్ధిగా వేలిముద్రలు వెయ్యండి. తోడు నేనొస్తా."

వరస కదిలింది. ఇద్దరు ముగ్గురు ఇళ్ళవైపు తిరిగారు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"ఆగండి. సంతకమంటే ఎవరి పేరు వాళ్ళు రాయడం. మీరందరూ రాస్తున్నది గంట పేరు. నాకు చదువొచ్చు. నెల నుంచీ తెలుసు. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదత్తయ్యా?" అంది కోడలు.

"కుళ్ళు."

పొట్టి నా కాళ్ళ దగ్గర ఉమ్మేసింది. తర్వాత అదే కింద కూర్చుని, మట్టి చదును చేసి, ఎడమచెయ్యి చాచింది. "తిట్టుకోవడం తర్వాత. నా పేరెలా రాయాలి?"

పొద్దున పదకొండు గంటలు. సాయంత్రం ఐదింటిలోపు వరసలో ఉన్నవాళ్ళను పంపించెయ్యడానికి లేదని రూలు. వెనకాల వచ్చినవాళ్ళనల్లా ముందుకు పంపి, మేం బడి మట్టిలో కూర్చున్నాం. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు. నేను మట్టిలో రాస్తే వాళ్ళు దిద్దారు. రెండక్షరాల పేరున్న మనిషి "మా అమ్మ ఎంత తెలివైనది!" అని గంతేసింది. ఐదక్షరాల ఆవిడ తన నాయనమ్మను తిట్టిపోసింది. రాయడం వచ్చినవాళ్ళు వచ్చినట్టు లోపలికి వెళ్ళారు, ఒంటరిగా. మేస్త్రి గుమ్మం దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు. పొట్టి మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లు తిరిగొచ్చి, నాలుగోసారి ఎడమచేత్తో రాసి ఓటేసింది. ఐదు దాటాక చివరగా నేను వెళ్ళాను. నా పేరు రాశాను. తప్పు లేకుండా రాశాను. ఆఫీసరు తలెత్తి కూడా చూడలేదు.

పెద్దాయన ఓడిపోయాడు. ఇరవై రెండేళ్ళ ఏలుబడి ఒక్క మధ్యాహ్నంలో కూలింది. వీధులన్నీ బాజాలు. మేం కూడా షెడ్డులో బకెట్లు వాయించాం. నాలుగో రోజున కాంట్రాక్టరు వచ్చాడు. మెడలో కొత్త పార్టీ కండువా. వెనకాల మేస్త్రి, వాడి మెడలోనూ అదే. మిషను మూత లేకుండానే తిరుగుతోంది. గంట మీద కేసు అలాగే ఉంది. కొత్త నాయకుడి ఇంటికి అందరం పోతే, "చట్టం పని చట్టం చేస్తుందమ్మా" అన్నాడు. పాత నాయకుడూ అచ్చం ఇదే గొంతుతో ఇదే మాట అనేవాడు.

జైల్లో మనిషిని చూడనిచ్చే ములాఖత్ రోజున నేనొక్కదాన్నే వెళ్ళాను. చువ్వల వెనక గంట చిక్కిపోయి ఉంది. చేసినదంతా చెప్పాను. అంతా విని అడిగింది.

"మిషనుకు మూత వేశారా?"

"లేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

తిట్టినా బాగుండేది. జైల్లో ఉండి కూడా నాకంటే ముందుంది మనిషి. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లారకపోతే పోనీ, బాయిలరుకు కూడా మంట కావాలి.

మర్నాడు పొద్దున మిషను బటను నేనే నొక్కి ఆపాను. మూత వెయ్యాలి, పొట్టికి పరిహారం ఇవ్వాలి, గంటను వదలాలి. అర్జీ కింద ముప్పై పేర్లు, ముప్పై రకాలుగా. షెడ్డుకు తాళం వేసి ముప్పైమందిమీ ఇక్కడికి నడిచొచ్చాం. ఆసుపత్రిలో ఉతకని దుప్పట్లు కప్పుదాకా పేరుకున్నాయట. నర్సులు నిన్నటినుంచి మా పక్కన కూర్చుంటున్నారు. మీరూ రండి.

ఇట్లు,
ఇస్త్రీ అత్త, వయసు అరవై ఒకటి. ప్రస్తుతం ఉంటున్నది: జైలు పెద్ద గేటుకు ఎదురుగా, టార్పాలిన్ కింద.