బుడ్డోడు కూర్చున్న రోజు

మణికొండలోని ఆ ఫ్లాట్లో పొద్దున్నే ఎప్పుడూ ఉండే హడావుడే. డేవిడ్ ఛార్జర్ కోసం ఇల్లంతా వెతుకుతాడు. వాళ్ళ నాన్న జోసెఫ్ మెడకు పట్టీ కట్టుకుంటాడు. అమ్మ రూతమ్మ అందరికీ ఇడ్లీలు వడ్డిస్తుంది. డేవిడ్ కొడుకు బుడ్డోడు మెడ నిలిపిన రోజే వాడి తాత మెడ వాలిపోయింది. వాడు బోర్లాపడినందుకు బొబ్బట్లు పంచారు, అప్పట్నుంచి డేవిడ్ పక్కకి ఒత్తిగిల్లలేడు. పిల్లాడు ఒకటి నేర్చుకుంటే ఇంట్లో ఒకరికి అది పోతుంది. పోతే పోయిందిలే అనుకున్నారు.

అసలు కంగారంతా కూర్చోవడం దగ్గర వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటేనే కూర్చోవడం కదా! డేవిడ్ భార్య ఎవాంజెలిన్ సెలవు అయిపోయింది, సోమవారం ఆఫీసుకి వెళ్ళాలి. ఇద్దరి జీతాలుంటే తప్ప ఇల్లు గడవదు. అందుకని బుడ్డోణ్ణి కింద దించితే ఒట్టు! ఎనిమిది నెలలు నిండినా ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకే.

పిల్లల డాక్టరమ్మ మండిపడింది. "ఏందమ్మా ఇది? గిట్ల సంకలనే పెట్టుకుంటే పిలగాని నడుముకు బలమెట్లొస్తది? ఇగనన్న కింద కూసోబెట్టుండ్రి!"

ఎవాంజెలిన్ ఇంటికొస్తూనే చాప పరిచింది.

"కాస్త ఆగమ్మా, డేవిడ్‌ని రానీ," అంది రూతమ్మ.

"వద్దత్తయ్యా. పోతే నా ఉద్యోగమే పోనీయండి. వీడు కూర్చోవాలి."

వాణ్ణి ఎదురుగా పెట్టుకుని చేతులు వదిలింది. వాడు తూలాడు, అరచెయ్యి నేలకి ఆనించాడు, నడుం నిలిపి కూర్చున్నాడు. పైగా నవ్వు కూడాను, దొంగవెధవ!

ఎవాంజెలిన్ లేచి, మళ్ళీ కూర్చుంది. కూర్చోగలిగింది! డేవిడ్‌కి ఫోన్ చేస్తే కుర్చీలోంచే మాట్లాడాడు. మావగారు సోఫాలో హాయిగా ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదని ఎవాంజెలిన్ ఏడుస్తూనే నవ్వేసింది.

సాయంత్రం డేవిడ్ వచ్చాక ప్రార్థన చేసుకుని భోజనాలకి కూర్చున్నారు. రూతమ్మ పప్పు వడ్డిస్తోంది.

"ఇవాళైనా మాతో కూర్చోండత్తయ్యా," అని ఎవాంజెలిన్ కుర్చీ లాగింది.

"మీరు కానివ్వండమ్మా."

డేవిడ్ నవ్వుతూ లేచి, భుజాలు పట్టి కూర్చోబెట్టబోయాడు. ఆవిడ మోకాళ్ళు వంగలేదు. అతని మొహం తెల్లబోయింది.

"అమ్మా! ఇదేంటమ్మా? ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచే నాన్నా. అందర్నీ కనుక్కున్నారుగా, నన్నూ అడుగుతారేమోనని చూశాను."

ఎవాంజెలిన్ చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. అంతకుముందు రూతమ్మ ఆ ఇంట్లో ఎప్పుడు కూర్చుందో తలుచుకుందామని చూశారు ముగ్గురూ. ఒక్కరికీ గుర్తు రాలేదు.