అరచేతంత నాచు

ఆ రోజు కరీంనగర్‌లోని ఆ మేడలో సరళాదేవి ఉంది, ఆమె కొడుకు వంశీధర్‌రావు ఉన్నాడు, ఇరవై ఏళ్లుగా వాళ్లింట్లో పనిచేసే ఐలవ్వ ఉంది. హాల్లో ఉప్పునీళ్ల అద్దాలపెట్టెలో వడ్లగింజంత సముద్రపు నత్త ఒకటి ఉంది. ఐలవ్వ తప్ప ఎవరూ దాన్ని ఇంట్లోవాళ్ల లెక్కలో వేయలేదు.

ఆ నత్తకు గుల్ల లేదు. వీపు నిండా పచ్చని ఆకుల్లాంటి రెక్కలు, తల మీద రెండు కొమ్ములు, చుక్కల్లాంటి కళ్లు. సముద్రం నుంచి తెచ్చిన రాయిని పట్టుకొని వచ్చింది. ఆ రాతి మీది నాచు తప్ప ఇంకేదీ ముట్టదని హాస్టలుకు పోతూ ఇంటి ఆడపిల్ల స్నిగ్ధ ఐలవ్వకు చెప్పి, దాన్ని అప్పగించింది. గొర్రెలు కాసే ఇంట పుట్టిన ఐలవ్వ దానికి గొర్రెపిల్ల అని పేరు పెట్టుకుంది. అద్దమంతా తోమినా, రాతి మూలన అరచేతంత నాచు వదిలేసేది. మంద మేసే తావును ఎవరైనా చెక్కిపారేస్తారా?

మధ్యాహ్నం చుట్టాలు వస్తారని పొద్దున్నుంచీ ఆమె వంగిన నడుం ఎత్తలేదు. ఉప్పునీళ్లకు వేళ్ల సందులు పగిలి మండుతున్నాయి.

"గా మూలకు పచ్చగ ఏందే? కండ్లు కనవడ్తలేవా?" అన్నాడు వంశీధర్‌రావు.

"అది దాని బువ్వ, చిన్నదొరా. గీకితే ఉపాసం సస్తది."

"పురుగుకు సుత బువ్వనా? నీకు పెట్టేది సాలదా?" నవ్వుతూ, పెట్టె పక్కనున్న నాచు గీకే బ్లేడు అందుకున్నాడు.

"ఆగుండ్రి, జర దాన్ని తియ్యనియ్యిండ్రి!"

ఆమె చెయ్యి చాచేలోపే బ్లేడు కరకరలాడింది. నాచుతో పాటు నత్తా ఊడి, గిరగిరా తిరిగి, నీళ్లు లాగే గొట్టంలోకి పోయింది. గొట్టం మూతికున్న జాలీకి కొంచెం పచ్చదనం అంటుకుంది. అంతే.

ఎంగిలి కూర పెట్టినా, జ్వరంలో పిలిపించినా "సరే దొర్సాని" అన్న మనిషి, చేతిలోని బ్రష్షు నేలకేసి కొట్టింది.

"కండ్లుండి సంపినవు! మేసే తావు గీకెటోనికి జీవం ఇలువ ఏం ఎరుక? స్నిగ్ధమ్మకు ఏం జెప్తవో నువ్వే జెప్పుకో!"

సరళాదేవి వంటింట్లోంచి ఉరికొచ్చింది. "సోయి ఉండే మాట్లాడుతున్నవా? పురుగు కోసం నా కొడుకును అంటవా?"

"పురుగు గాదు దొర్సాని, సాదిన పాణం. ఇన్నేండ్లు మీరు జెప్పినయన్ని నేనిన్న. నేనొక్కటి జెప్తె ఇనకపోతిరి."

"రేపటి సంది రాకు."

"రేపటిదాక ఎందుకు?"

ఐలవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకొని వెనక గడప దాటింది. సరళాదేవి ఆమె వీపు వెనకే తలుపు దబాలున మూసి గొళ్లెం పెట్టింది.

పెరటి పిట్టగోడ మీద, ఆమెకని విడిగా ఉంచిన స్టీలు గ్లాసులో, పొద్దున పోసిన చాయ మీగడ కట్టి ఉంది.