టన్ను చలి, కోటి జౌళ్లు

నేను ఒక శీతల యంత్రాన్ని. నా నుదుటి మీద రేకుపలకలో 'ఒక టన్ను' అని చెక్కి ఉంది. అది నా బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ రోజంతా కరుగుతూ ఎంత వేడిని మింగుతుందో అంత వేడిని నేను రోజులో గదిలోంచి లాగి బయట పారేస్తానని దాని అర్థం. మనుషులు నేను చలిని పుట్టిస్తానంటారు. నిజానికి నేను వేడిని గోడ దాటించే కూలీని, అంతే.

పూనా దగ్గరి ఒక కర్మాగారంలో నన్ను బిగించారు. మొదట అనంతపురంలో ఒక ఐస్‌క్రీం అంగడివాడు కొన్నాడు. చలికాలంలో నన్ను తిట్టేవాడు, వేసవిలో నాకు కుంకుమబొట్టు పెట్టేవాడు. అతని అంగడి మూతపడ్డాక కదిరి మల్లెరైతుల సంఘం నన్ను తెచ్చి, ఊరి చివర కట్టిన గది గోడకు మోకాలెత్తున అమర్చింది. పొద్దున కోసిన మొగ్గలను సాయంత్రం బెంగళూరు లారీ వచ్చేదాకా విచ్చుకోకుండా కాపాడటం నా పని.

సంఘానికి పెద్ద ఓబులేసు. గది తాళం ఎప్పుడూ అతని మొలతాడుకే ఉండేది. రైతు ఎవరొచ్చినా "తేపో, లోపల పెట్టు" అనేవాడు. కాదనడం అతనికి చేతకాదు. అందుకే అందరికీ ఇష్టుడు. అతని చెల్లెలు ఇందుమతి జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేది. వేసవి సెలవుల్లో పూలగదికి వచ్చి అన్నకు సాయం చేసేది.

ఆ ఏడు పెళ్లిళ్లు మొదలైన వారంలోనే పూలు కమిలిపోయాయి. బెంగళూరు వ్యాపారి గోతాలు విప్పి చూసి వెనక్కి పంపాడు. గోధుమరంగు తిరిగిన మొగ్గలను గది ముందు కుమ్మరించుకుని రైతులు నిలబడ్డారు. పుల్లక్క అనే ముసలావిడ ఒక గుప్పెడు తీసి వాసన చూసి కింద వదిలేసింది. ఆమెకున్నది ఆ మల్లెతోట ఒక్కటే.

"ఈ పాతదాన్ని తుక్కుకేసి కొత్తది తెస్తాం. దీంట్లో సత్తువ ల్యా" అని ఓబులేసు నన్ను కాలితో తన్నాడు.

"తన్నేది తర్వాతన్నా. ముందు లెక్క చూడాల" అంది ఇందుమతి.

ఇంటి నుంచి కాఫీ ఫ్లాస్కు తెచ్చి, అప్పుడే కోసిన మొగ్గలు అందులో నింపి, థర్మామీటరు గుచ్చి దూదితో మూతి బిగించింది. గంట గడిచాక పాదరసం పైకి పాకి ఉంది. నిప్పూ లేదు, ఎండా లేదు. రైతులు ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు.

"కోసినా పూలకు పానం పోలేదు. ఊపిరి తీస్తాండాయి. ఊపిరి తీసేదేదైనా వేడెక్కుతాది" అని ఆమె సుద్దముక్కతో గోడ మీద రాయసాగింది.

నా గంట శ్రమను ఆమె జౌళ్లలోకి మార్చింది. కోటీ ఇరవై ఆరు లక్షల జౌళ్లు. ఒక చిన్న జామకాయను మీటరెత్తు లేపితే అయ్యే శ్రమ ఒక జౌలు. ఇంకా చిన్న కొలత ఎర్గు అనీ, ఒక్క జౌలులో కోటి ఎర్గులుంటాయనీ చెప్పింది. ఆ లెక్కన నా గంట రాయడానికి గోడ చాలదేమో అనిపించి నాకు కొంచెం గర్వం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు. ఎండన కోసిన ఒక్క క్వింటాలు పూలను చల్లబరచడానికే ఆ గంట దాదాపు మొత్తం ఖర్చవుతుందని మరుక్షణమే రాసింది. పూల ఊపిరి, గోడల గుండా చొరబడే ఎండ, మాటిమాటికీ తెరిచే తలుపు వేరే.

"అంటే?" అన్నాడు ఓబులేసు.

"మనం పెడతాండే దాంట్లో సగమే అది మొయ్యగలదు. సల్లపొద్దున కోసినవి, బుట్టల్లో పల్చగా పరిచినవే తీసుకోవాల. పొద్దెక్కినాక గోతాల్లో కుక్కి తెచ్చేవి ఒద్దు. ఆ వేడి పక్కనోళ్ల పూలను గుడక చంపుతాది."

"ఎవుర్ని ఒద్దంటావు మే? అందురూ మనోళ్లే."

"అందుకే అందురివీ కమిలినాయి."

మర్నాడు ఆలస్యంగా వచ్చింది, చీకటితోనే గది తెరిచిపెట్టి తోటకెళ్లిన ఓబులేసు బండే. తోట దూరం, కూలీలు దొరకలేదు. గోతాలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. ఇందుమతి తలుపుకు అడ్డంగా నిలబడింది. లోపల పుల్లక్క బుట్టలున్నాయి.

"నాయి గుడకనా?"

"నీయి గుడక, అన్నా."

తాళం అతని దగ్గరే ఉంది. చెల్లెలిని పక్కకు జరగమంటే అడ్డుచెప్పే మనిషి అక్కడ లేడు. రైతులంతా చూస్తున్నారు. అతను బండి తిప్పుకుని ఊళ్లోకి వెళ్లి, దొరికిన ధరకు మూరల్లెక్కన అమ్ముకున్నాడు. ఆ వేసవంతా చెల్లెలితో మాట్లాడలేదు. ఆమె వండి పంపిన క్యారియరు తెరవకుండానే తిరిగొచ్చేది. అది తలుపు దగ్గర అలా ఉంటే ఆమె కాసేపు దాన్నే చూసి, లోపలికెళ్లి బుట్టలు సర్దేది. లారీ మాత్రం ఒక్క బుట్ట కూడా వెనక్కి తేలేదు.

మరుసటి ఏడు మొదటి కోత నాడు, ఇంకా మసకగా ఉండగానే బండి చప్పుడైంది. ఓబులేసు వెడల్పాటి బుట్టలు దింపి, తడిగుడ్డ తొలగించాడు.

"సల్లగుండాయా, పాపా?"

ఇందుమతి థర్మామీటరు తీయలేదు. మొగ్గల్లో చెయ్యి పెట్టింది.

"ఉండాయన్నా. లోపల పెట్టు."

తర్వాత కొన్ని వేసవులు పనిచేసి అరిగిపోయాను. సంఘం పెరిగింది, పెద్ద యంత్రం వచ్చింది. నాలోని గ్యాసు తీసేసి, గది వెనక రేకుల కింద పడేశారు. గోడ ఇవతల నాకు చూపు లేదు, వినికిడి మిగిలింది. ఈ పొద్దున ఎవరో కొత్త రైతు వెచ్చటి గోతాలతో వచ్చినట్టున్నాడు.

"రేయ్ అబ్బీ, పువ్వు ఊపిరి తీస్తాది, తెల్సునా? ఒక్కో పువ్వుకు కోటి జౌళ్లు!" అని ఓబులేసు కోప్పడుతున్నాడు.

లెక్క పూర్తిగా తప్పు. లోపల బుట్టలు సర్దుతున్న ఇందుమతికి అది వినబడే ఉంటుంది. ఆమె దిద్దలేదు.