అడగని దారి

గేటుకు తాళం వేసిన మనిషే వచ్చి తాళంచెవి చేతిలో పెడతానంటుంటే, నాకొద్దు పొమ్మన్న ఆడదాన్ని ఊరు ఏమనాలి? పిచ్చిదనాలి. గురవమ్మనూ అదే అన్నారు. పాలకేంద్రం దగ్గర అన్నారు, బోరింగు దగ్గర అన్నారు, ఆమె వినేట్టు కొంత అన్నారు, వినకుండా ఇంకాస్త కలిపి అన్నారు. అననివ్వండి. అన్నవాళ్ళలో ఒక్కరికైనా తాళం వెనక ఏముందో తెలిస్తేగా!

గురజాల నుంచి ఆటోలో అరగంట పోతే వచ్చే ఊరు అది. గురవమ్మకున్నది రెండెకరాల నల్లరేగడి. మొగుడు పోయినా చేను కౌలుకివ్వలేదు, ఏటా తనే మిర్చి వేస్తుంది. చిక్కల్లా ఒక్కటే, ఆమె చేను ఊరి బండ్లు తిరిగే డొంక పక్కన లేదు. డొంక దిగి, మధ్యలో ఉన్న పెద్దచేను గట్టు వెంట బండి పట్టేంత బాటలో నడిస్తేనే అక్కడికి చేరేది. ఒక పక్క వాగు, ఇంకో పక్క నాపరాళ్ళు తవ్వేసిన గొయ్యి, వేరే దారి లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి, అంటే ముప్పై ఏళ్ళకు పైగా, ఆమె ఆ బాటలోనే నడిచింది. ముందు ఎద్దులబండి తోలారు, తర్వాత ట్రాక్టరు తోలారు. పెద్దచేను ఆసాములు ఎందుకొస్తున్నావని ఏనాడూ అడగలేదు. రావచ్చా అని ఈమె కూడా ఏనాడూ అడగలేదు.

ఆ పెద్దచేనును మల్లికార్జునరావు కొన్నాడు. నరసరావుపేటలో వ్యాపారం, ఊళ్ళో రాజకీయం, పలకరిస్తే నోటి నిండా వరసలు. కాయ ఎరుపెక్కే వేళకు చేను చుట్టూ రాతికడీలు పాతించి, ముళ్ళతీగ లాగించి, డొంక మొహాన ఇనుపగేటు పెట్టించి, దానికి పెద్ద తాళం బిగించాడు. తెల్లారి కోతకూలీలను వెంటేసుకుని వచ్చిన గురవమ్మ ఆ గేటు ముందు బిత్తరపోయి నిలబడింది. అక్కడి నుంచే ఫోను చేసింది.

"అయ్యో అక్కా! ఆ తాళం నీ కోసం కాదే తల్లీ, దొంగల కోసం" అన్నాడు మల్లికార్జునరావు. "నువ్వేమన్నా పరాయిదానివా? సాయంత్రం పాలకేంద్రం కాడికి రా. పదిమందిలో 'తమ్ముడూ, నీ చేలోంచి పోనీయవయ్యా' అని ఒక్క మాట అడుగు. తాళంచెవి నీ చేతిలో పెడతా."

నిజం చెప్పాలంటే గురవమ్మ పడిపోయేదే. సరే తమ్ముడూ అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. కానీ 'పదిమందిలో' అన్న దగ్గర ఆమెకు చురుక్కుమంది. ఇవ్వదలుచుకున్నవాడు ఇచ్చేయొచ్చుగా, మధ్యలో పదిమంది ఎందుకు? అడగటానికి మొహమాటపడే మనిషి కాదామె, అలాగని ఎందుకో తెలియకుండా తల వంచే రకమూ కాదు. కూలీలను ఇళ్ళకు పంపేసి, కొంగు బిగించి గురజాల ఆటో ఎక్కింది.

కోర్టు ఆవరణలో న్యాయసేవల వాళ్ళ గది ఉంటుందనీ, ఆడవాళ్ళయితే ఆస్తీ పాస్తీ చూడకుండా ఫీజు లేకుండా లాయరును పెడతారనీ ఆమె ఎప్పుడో విని ఉంది. విన్నమాట నిజమే అయింది. అక్కడ ఆమె గోడు వినటానికి కూర్చున్న లాయరు పేరు జీనత్, చిన్న వయసు. ఉక్కకు నల్లకోటు తీసి కుర్చీకి తగిలించి, నింపాదిగా అంతా విన్నది.

"ఆ దారి నీకెవరిచ్చారమ్మా?"

"ఎవరిస్తారు? మా మామ నడిచాడు, మా ఆయన నడిచాడు, నేను నడస్తన్నా."

"ఎప్పుడన్నా ఎవర్నన్నా అడిగి నడిచావా?"

గురవమ్మకు రోషం పొడుచుకొచ్చింది. "దారిన నడవటానికి అడిగేదేంది? నేనేమన్నా అడుక్కుతినేదాన్నా?"

జీనత్ నవ్వింది. "ఈ కోపాన్ని జాగ్రత్తగా దాచిపెట్టుకో అమ్మా, కోర్టులో అక్కరకొస్తది. ఇప్పుడు నేను చెప్పేది విను. ఇరవై ఏళ్ళు, పట్టపగలు, అందరూ చూస్తండగా, ఎవరూ ఆపకుండా, ఎవర్నీ అడక్కుండా, ఇది మా దారే అన్నట్టు నడిస్తే చట్టం దాన్ని హక్కంటది. చేను ఎవరు కొనుక్కున్నా ఆ హక్కుతో కలిపి కొనుక్కున్నట్టే. అదే, అడిగి నడిచావనుకో, ఎన్నేళ్ళు నడిచినా హక్కు రాదు. అది వాళ్ళ దయ. దయంటే ఇయ్యాల ఉంటది, రేపు ఉండదు."

గురవమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయితే ఆయన నన్ను అడగమనేది..."

"అందుకే. పదిమంది ముందు నువ్వు అడిగావంటే, రేపు ఆ పదిమందినే సాక్షులుగా తెచ్చుకుంటాడు. 'ఈమె ఎప్పుడూ అడిగే పోయేదండీ, మేం జాలిపడి పోనిచ్చాం' అంటాడు. ఆ తాళంచెవి తీసుకున్నా ఆయన చేతికి ఆ మాటే దొరుకుతది."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో గురవమ్మకు ఆ క్షణాన తెలిసింది. అక్కా అక్కా అంటూ ఎంత గొయ్యి తవ్వాడు! ఇంకాస్తయితే తను దాంట్లోకి నవ్వుకుంటూ దిగేది కూడాను.

"దావా వేస్తా. ముందు దారి ఆపకుండా ఉత్తర్వు ఇవ్వమని అడుగుతా" అంది జీనత్. "నోటీసు పోవాలి, ఆయన రావాలి, కొంత టైము పడుద్ది. ఈలోపు కంచె తెంపొద్దు, తాళం పగలగొట్టొద్దు, ఎవరి మీదా చెయ్యి చేసుకోవద్దు. చేశావా, కేసు నీ మీదికే తిరుగుద్ది. దేని మీదా వేలిముద్ర వెయ్యొద్దు. ముఖ్యంగా నడవటం మానొద్దు."

"గేటుకు తాళముంటే ఎట్టా నడిచేది?"

జీనత్ కాగితాలు సర్దుకుంది. "అది నీ తెలివమ్మా" అంది.

గురవమ్మ తెలివి గోనెసంచులతో మొదలైంది. మర్నాడు పొద్దున్నే రెండు సంచులు మడిచి ముళ్ళతీగ మీద పరిచి, కడీ పట్టుకుని ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి దిగింది. యాభై అయిదేళ్ళ ఒంటికి అదేమీ ఆషామాషీ పని కాదు. చీర చిరిగింది, పిక్క గీరుకుపోయి నెత్తురొచ్చింది. చాటుగా దూరలేదు. పొద్దెక్కి డొంకలో జనం తిరుగుతుండగానే దూకింది. చూసినవాళ్ళు నవ్వారు. చూడండి, బాగా చూడండి, చూడమనే దూకుతున్నా అనుకుంది ఆమె.

ఆ సాయంత్రం పాలు పోయటానికి వెళ్తే మల్లికార్జునరావు అక్కడే ఉన్నాడు. పదిమందీ ఉన్నారు. చెప్పినట్టే తాళంచెవి పట్టుకొచ్చాడు.

"కంచెలు దూకటమేందక్కా, నాకు చానా బాధగా ఉంది. ఇదిగో చెవి. అడగటానికి నామోషీ అయితే అడగొద్దులే, తీసుకుని నేనిచ్చానని నలుగురితో చెప్పు చాలు."

"దారికి తాళంచెవేంది తమ్ముడూ?" అంది గురవమ్మ, పాలక్యాను కింద పెట్టి. "రేపు మా ఇంటి తలుపుకు తాళమేసి, ఇదిగో చెవి, దణ్ణం పెట్టి లోపలికి పో అంటావు. పొమ్మంటావా?"

తాళంచెవి పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పదిమందిలో ఒకడు కిసుక్కున నవ్వి, మల్లికార్జునరావు వంక చూసి నోరు మూసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మరిది పుల్లయ్య అరుగు మీద కాచుకుని ఉన్నాడు. ట్రాక్టరు ఉన్న మనిషి, సాళ్ళు తోలే కాలమంతా మల్లికార్జునరావు పొలాల్లోనే అతనికి పని.

"నీకేమన్నా మతిపోయిందా వదినా? ఇస్తానంటే వద్దంటావా? ఒక్క మాటకు నీ సొమ్మేం పోయిద్ది?"

"దారే పోయిద్ది" అని జీనత్ చెప్పిందంతా చెప్పింది. అతను సగం విన్నాడు, సగం వినలేదు.

"లాయర్లు అట్టానే చెప్తారు. మిర్చి చేలో మురిగితే ఆ లాయరమ్మ వచ్చి ఏరిద్దా? నీ పంతానికి నా పని కూడా పోయేట్టుంది" అని విసురుగా లేచిపోయాడు. ఆ రోజు నుంచి మాట్లాడటం మానేశాడు.

మిగతా ఊరు కూడా పక్కకు తప్పుకుంది. కోతకూలీలు రాలేదు. వాళ్ళూ మల్లికార్జునరావు చేలకు పోయేవాళ్ళే, వాళ్ళను తప్పుపట్టి ఏం లాభం! గురవమ్మ ఒక్కతే కోసింది. వంగి వంగి నడుం పట్టేసింది. ఆమె చేతులు అందుకునేలోపు చెట్టు మీదే పండిపోయి తెల్లబారి తాలు పడిన కాయ చాలా ఉంది. కోసినదాన్ని చేలోనే ఒక మూల చదును చేసి ఆరబోసింది. ఒక మధ్యాహ్నం ఆ కాయల పక్కన కూలబడి బావురుమంది కూడా. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనేస్తే పోదా అనిపించింది. తర్వాత తనమీద తనకే చీదర పుట్టింది. కారం చేతులని మరిచి కళ్ళు తుడుచుకుంది. ఆ మంటకు ఇంకో గంట ఏడవాల్సి వచ్చింది.

కోర్టు నోటీసు మల్లికార్జునరావుకు అందింది. వాయిదా వచ్చేవారం. మబ్బు మాత్రం వాయిదా దాకా ఆగలేదు.

మిట్టమధ్యాహ్నం వాగు వైపు నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. కళ్ళ ముందు ఎండిన కాయంతా పరుచుకుని ఉంది. తడిస్తే నల్లబడిపోతుంది, ఏడాది కష్టం ఎందుకూ కొరగాదు. గురవమ్మ ఉన్న ఒక్క టార్పాలిను పట్టా కప్పి, మిగిలిన కాయను గోతాల్లోకి ఎత్తటం మొదలుపెట్టింది. అంతలో డొంకలో ట్రాక్టరు చప్పుడైంది. పుల్లయ్య! అతనికి కోపం వదిన మీదే గానీ మిర్చి మీద కాదు. రైతన్నవాడు మబ్బు కింద కాయను చూసి ఇంట్లో కూర్చోలేడు.

ట్రాక్టరు వెనకే మల్లికార్జునరావు కారు వచ్చింది. దిగి తాళం తీశాడు, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు, తెరిచి సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

"పుల్లయ్యా, ఫోను తీసి వీడియో పట్టు. అక్క అడిగిందని రేపు నేనొక్కణ్ణే చెప్తే నమ్మరు. నీ ఫోనులో ఉంటే నమ్ముతారు. ఒక్క మాట అడగమను, నీ ట్రాక్టరు లోపలికి పోనిస్తా."

పుల్లయ్య ఫోను తీశాడు. గురవమ్మ నెత్తిన గోతంతో బాట వెంట గేటు దాకా వచ్చింది. ఉరుము ఉరిమింది.

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్క మాట" అన్నాడు పుల్లయ్య.

గురవమ్మ మరిది వంక చూసింది, మబ్బు వంక చూసింది. దారి ఉంచుకోవాలంటే పంట పోయేట్టుంది, పంట దక్కాలంటే దారి పోతుంది. ఆమె మల్లికార్జునరావు దగ్గరికి మూరెడు దూరం దాకా నడిచింది.

"జరుగు" అంది.

"అడుగు, జరుగుతా."

"అడగటం లా. చెప్తన్నా. నా దారికి అడ్డం తప్పుకో."

అంతమంది ఎదుట తాళంచెవి కాదన్నప్పటి నుంచీ మల్లికార్జునరావు లోపల కుతకుతలాడుతున్నదంతా ఒక్కసారి పొంగింది. అక్కా చెల్లీ అన్నీ పోయాయి.

"ఏమే! ఏం చూసుకునే నీకంత పొగరు? ముప్పై ఏళ్ళ పాటు ఈ చేలోంచి నీ అబ్బ సొమ్మల్లే నడిచావు! ఒక్కరోజు ఒక్కణ్ణి అడిగిన పాపాన పోలా! పాత ఆసామి చేతగాక నోరు మూసుకున్నాడు, నేను మూసుకుంటానా?"

గురవమ్మ నెత్తి మీది గోతాన్ని నెమ్మదిగా కిందికి దించింది.

"ఆ మాట ఇంకోసారి అను తమ్ముడూ. ఫోన్లోకి సరిగ్గా ఎక్కిందో లేదో."

మల్లికార్జునరావుకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "ఆపు పుల్లయ్యా. తీసెయ్ దాన్ని. ఇటియ్యి ఆ ఫోను."

పుల్లయ్య ఫోను వంక చూశాడు. ఆ రోజు అరుగు మీద సగమే విన్న మాటలు ఇప్పుడు పూర్తిగా విన్నట్టు అతని మొహం మారింది. ఫోను ఇవ్వకపోతే తన పని పోతుందని అతనికి తెలుసు. వదిన పిక్కల మీద ముళ్ళతీగ గీసిన గీతలు కూడా అతనికి కనిపిస్తూనే ఉన్నాయి. ఫోను చొక్కా లోపలిజేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. ట్రాక్టరెక్కి స్టార్టు చేశాడు.

"జరుగు బావా" అన్నాడు.

పెద్దపెద్ద చినుకులు పడసాగాయి. ఇంజను రొద పెడుతూ ముందుకొస్తుంటే మల్లికార్జునరావు కడీకి ఆనుకుని పక్కకు తప్పుకున్నాడు. గురవమ్మ గోతాన్ని వెనకున్న ట్రక్కులో పడేసి ట్రాక్టరుకు ముందు బాట నడిమధ్యన నడిచింది. పట్టా కింద లేని కాయ ఎలాగూ తడిసేట్టే ఉంది. తడిస్తే తడవనీ.

మల్లికార్జునరావుకు అప్పుడు తట్టింది. తడుస్తూ వెనక నుంచి గట్టిగా అరిచాడు.

"పోండి, పోండి! నేనే పోనిస్తన్నా! నేనే పొమ్మంటన్నా, విన్నారుగా ఇద్దరూ!"

గురవమ్మ ఆగింది. వెనక్కి తిరిగి, వానలో అంత దూరం వినబడేట్టు అడిగింది.

"నిన్నెవరడిగారు తమ్ముడూ?"