మొదటి తాను

ఎండాకాలం, దానికి తోడు పరిశ్రమల ఆఫీసరు. రెండూ ఒకే వారంలో వస్తే మనిషి ఎట్లా బతకాలి? వేములవాడకు ఇవతల ఉన్న మా నేత సొసైటీకి ఆ ఏడాదే మూడు మరమగ్గాలు వచ్చాయి. గుమాస్తాను నేనే, లక్ష్మీరాజం. నూలు తూచేది నేను, కరెంటు పోతే కందిలి ముట్టించేది నేను. ఇప్పుడు మనుషుల చేతులకు రేటు కట్టే పని కూడా నా నెత్తినే పడింది.

ఆ లెక్క ఆఫీసరు హైదరాబాదు నుంచి తెచ్చాడు. కొత్త పనిలో మొదటి వస్తువుకు ఎక్కువ సేపు పడుతుంది, చేసినకొద్దీ తగ్గుతుంది. చేసినవి ఒకటి రెండైనప్పుడు, రెండు నాలుగైనప్పుడు, ఒక్కోదానికి పట్టిన సగటు సేపు ముందటి సగటులో నూటికి ఎంతకు దిగిందో అదే రేటు. మా నేతగాళ్లు దీన్ని తాతల నాటి నుంచీ చెయ్యి తిరగడం అంటారు. ఆ మాట చెబితే, తిరిగింది సరేనయ్యా, ఎంత తిరిగింది అన్నాడు. తక్కువ వచ్చినవాడే పాసయ్యే పరీక్ష నేను చూడటం అదే మొదలు. ఎనభై అయిదు దాటినవాణ్ణి మగ్గం మీది నుంచి దించేయాలట.

ఇద్దరు పడుచువాళ్లు గట్టెక్కారు. మూడోవాడు రాయమల్లు కాక. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని మోకాళ్లు పోగొట్టుకున్నాడు. మళ్లీ గుంటలోకి దిగలేడు. మరమగ్గం దగ్గరైతే నిలబడి నేయవచ్చు. అది పోతే ఇంట్లో భార్య బాలవ్వ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టుకోవడమే.

నా కాగితంలో అతని మొదటి తానుకు పన్నెండు గంటలు, రెండోదానికి పది. సగటు పదకొండు. రేటు తొంభై రెండు. రెండుసార్లు వేశాను, అంతే వచ్చింది. నాకు చిరాకెత్తింది. అందరిలోకీ నున్నగా నేసేది అతనే. కాగితం మాత్రం అతని చెయ్యి తిరగడం లేదంటుంది.

అసలు పన్నెండుతో మొదలుపెట్టడమేమిటి? పడుచువాళ్లకే మొదటి తాను ఇరవై దాటింది. వెళ్లి బాలవ్వను అడిగితే దండెం మీద పసుపు బొట్టు పెట్టి మడిచిన తాను చూపించింది. కొత్త మగ్గం మీద దిగిన మొదటి బట్ట వేములవాడ రాజన్న దేవుడిది. నూలు సొంతంగా కొనుక్కుని నేస్తారు, సొసైటీకి చూపరు, ఎవరూ కొలవరు. పడుచువాళ్లు కొబ్బరికాయ కొట్టి సరిపెట్టుకున్నారు, ఈయన పాత పద్ధతి వదల్లేదు. అంటే నేను మొదటిది అని రాసుకున్నది రెండోది. బడిలో మొదటి రోజు నేర్చిందంతా చెరిపేసి, మిగతా రోజుల్లో ఏం నేర్చావురా అని అడిగినట్టుంది మా లెక్క.

ఆ తానుకు ఎంతసేపు పట్టిందో చెప్పమని కాకను అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"మొక్కుకు లెక్క కడితే అది మొక్కెట్లయితది బిడ్డా, కూలి అయితది."

నాకు కోపం వచ్చింది. దేవుడు గంటలు చూస్తాడా, మోకాళ్లు చూస్తాడా అని కసిరాను. ఆయన తెగిన పోగు ముడివేసుకున్నాడు.

మర్నాడు ఆఫీసరుకు సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, ఎండకు అలసిపోయి ఉన్నాడు. నేసినవాడు తన నోటితో చెబితే రాస్తాను, లేదంటే తొంభై రెండే ఉంటుంది, సాయంత్రం జీపెక్కుతున్నాను అన్నాడు. కాకను పిలిపించాం. మగ్గం పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం అవతల బాలవ్వ నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూశాడు, ఆమె తల వంచుకుంది.

"ఇరవై గంటలు పట్టింది సారూ," అన్నాడు కాక.

ఇరవై, పన్నెండు. సగటు పదహారు. రేటు ఎనభై. ఆఫీసరు నవ్వి సంతకం పెట్టాడు. ఈ ముసలాయన చెయ్యి బాగానే తిరిగిందయ్యా అన్నాడు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. కాకకు చాయ్ తెప్పించాను, ఆయన తాగలేదు.

సోమవారం కాక మొక్కు తీర్చడానికి వేములవాడ పోతాడని సెలవు రాసి పెట్టాను. పొద్దున్నే పనికి వచ్చాడు. చంకలో ఆ తాను ఉంది. పసుపు బొట్టు ఉతికేసినా మరక పోలేదు. నా బల్ల మీద పెట్టాడు.

"రాసుకో బిడ్డా. గిది సొసైటీదే."

ఇంకొకటి నేసి రాజన్నకు ఇద్దువుగాని కాకా, నూలు నేను కొనిస్తాను, ఎవరికీ చెప్పను అన్నాను. బతిమాలినట్టే అన్నాను. ఆయనకు నా మీద కోపమేమీ లేదు. అదే నాకు కష్టమనిపించింది.

"ఎన్నన్న నేస్త బిడ్డా. మొదటిది ఒక్కటే ఉంటది," అని మగ్గం నడపడానికి పోయాడు.