ఉప్పు చల్లిన ఐసు

మా ఆవిడ సీతారత్నం ఐసులో పెట్టిన చేప మర్నాటికి కూడా కళ్ళు తెరుచుకుని చూస్తుంది. అంతర్వేది రేవులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. పొద్దున్నే బోట్ల దగ్గర కొన్న చేపని రాజోలు తీసుకెళ్ళి సాయంత్రం అమ్మినా, కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూసి మారుమాట లేకుండా డబ్బులిచ్చి పోతారు. పెద్ద కిటుకేమీ లేదు. ఐసు దంచి ఒక పొర పరుస్తుంది, దాని మీద కల్లుప్పు చల్లుతుంది, మీద చేప, మళ్ళీ ఐసు, మళ్ళీ ఉప్పు. ఉప్పు పడితే ఐసుకి పొగరెక్కుతుందంటుంది. వాళ్ళమ్మ నేర్పిన పని. మా పేటలో ఆడవాళ్ళందరూ చేసేదే గాని, ఈవిడ చేతికి ఒక లెక్కుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నలుగురిలో చెప్పుకోవడం కూడా తెలుసు.

ఆ చేత్తోనే నా బొటనవేలు కూడా పెట్టింది.

నేను చేపల బోటులో కలాసీని. పేరు కొండబాబు. మా బావమరిది గంగబాబు అదే బోటులో వించి దగ్గర పనిచేసేవాడు. వించి అంటే వల తాడుని లాగే ఇనప చక్రం, ఇంజను మీద తిరుగుతుంది. గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేశాం, అదే ఆఖరి వల. తాడు మెలిక పడింది. తిరిగే తాడు మీద చెయ్యి వెయ్యకూడదని ఇన్నేళ్ళుగా కుర్రాళ్ళకి నీతులు చెప్పిన పెద్దమనిషిని నేనే. చెయ్యి వేశాను. నా కేక పూర్తి కాకముందే గంగబాబు వించి ఆపేశాడు. అంతకంటే ముందు ఆపడం ఆ నరసింహస్వామి వల్ల కూడా కాదు. అప్పటికే నా కుడిచేతి బొటనవేలు బోటు చెక్కల మీద పడి ఉంది.

ముందు నొప్పి రాలేదు. సిగ్గేసింది. నొప్పి తరవాత తీరిగ్గా వచ్చింది, వచ్చి ఇప్పటికీ వెళ్ళలేదు.

గంగబాబు చొక్కా విప్పి నా చేతికి కట్టాడు. వేలు గుప్పిట్లో పెట్టుకుని రేవు దాకా ఏడుస్తూనే ఉన్నాడు. రేవులో ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు గాని రత్నం ఏడవలేదు. తమ్ముడి గుప్పిట విప్పి వేలు తీసుకుంది, మంచినీళ్ళతో కడిగింది, చిన్న థర్మాకోల్ పెట్టె ఒకటి ముందుకి లాక్కుంది.

"అతికిస్తారంట మావా. ఫోన్లో చూసేను. చెడిపోకుండా పట్టుకెళ్ళాలి, అంతే. ఆ పని నాకొదిలెయ్యి," అంది.

ఒక పొర ఐసు, ఒక పొర ఉప్పు. మూత పెట్టి చుట్టూ టేపు వేసింది. రాజోలులో కట్టు కట్టి రాజమండ్రి తీసుకెళ్ళమన్నారు. కారు మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. దారి పొడుగునా ఆ పెట్టె రత్నం ఒళ్ళోనే ఉంది. చంటిపిల్లని కూడా అంత జాగ్రత్తగా పట్టుకోదు ఏ తల్లీ. గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరు మీద కేకలేసింది.

రాజమండ్రిలో అదొక ప్రైవేటు ఆసుపత్రి. పెట్టె లోపలికి పట్టుకెళ్ళారు. రత్నాన్ని అడ్వాన్సు కట్టమని కౌంటరు దగ్గరికి పంపారు, గంగబాబు మందులకి వెళ్ళాడు. అప్పుడు డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చాడు. చిన్నవాడే, ముప్ఫై అయిదు దాటవు.

"వేలు ఐసులో పెట్టింది ఎవరండీ?"

"మా ఆవిడండి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు కూర్చున్నాడంటే మంచి వార్త కాదని నాకు అప్పుడే అర్థమైంది.

"వేలిని తడిగుడ్డలో చుట్టి, కవర్లో వేసి, ఆ కవరుని ఐసు మీద పెట్టాలండి. వేలికి ఐసు తగలకూడదు. ఇదేమో ఉప్పుతో కలిసి రాయిలా గడ్డకట్టేసింది. లోపల కండ చచ్చిపోయింది. తాడుకి తెగిన వేలు అతకడం ఎలాగూ కష్టమేననుకోండి, గ్యారంటీ ఏమీ ఇవ్వలేం. కానీ ప్రయత్నం చేసేవాళ్ళం కొండబాబు గారూ."

నా వేలు పోయిందన్న బాధ కంటే ముందు రత్నం మొహం గుర్తొచ్చింది. దారంతా ఆ పెట్టె మూత మీద వేసి ఉంచిన ఆమె చెయ్యి గుర్తొచ్చింది.

"బాబూ, ఒక్క ఉపకారం చెయ్యండి. ఈ మాట మా ఆవిడకి చెప్పకండి. వేలు నలిగిపోయింది, అందుకే అతకదు అని చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

ఆయన నా వైపు చూసి, "అలాగేనండి," అన్నాడు. అన్నట్టే చెప్పాడు. రత్నం విన్నది.  తరవాత గోడ పక్కన మందుల కవరు పట్టుకుని నిలబడ్డ తమ్ముడి వైపు తిరిగింది.

"నలిగిపోయిందంట, విన్నావా? నువ్వు టయానికి ఆపుంటే నలిగేదా? బావ ప్రాణం నీ చేతిలో పెడితే ఇదారా నువ్వు చేసింది?"

గంగబాబు నా వైపు చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. మందు మత్తు అనుకుని ఉంటాడు.

రెండు రోజుల్లో చల్లారిపోతుందిలే అనుకున్నాను. ఎందుకు అనుకోను? తల్లి పోతే మూడేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకుని నా ఇంటికి కాపురానికి వచ్చిన మనిషి ఆమె. పెళ్ళిపీటల మీద కూడా వాడు ఆమె ఒళ్ళోనే నిద్రపోయాడు. మాకు పిల్లలు లేరు, వాడే ఉన్నాడు. అక్క తిట్టడం, తమ్ముడు నవ్వడం, మా ఇంట్లో రోజూ ఉండేదే. కానీ ఈసారి ఆ కోపం చల్లారలేదు.

బొటనవేలు లేని చెయ్యి చెయ్యి కాదు, అట్లకాడ. నెట్టడానికి పనికొస్తుంది, పట్టుకోడానికి పనికిరాదు. లుంగీ ముడి నిలవదు. మగవాడి పరువు బొటనవేలి మీద ఆధారపడి ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. అన్నం కలిపితే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. లేని వేలు దురద పెడుతుంది, గోక్కుందామంటే అక్కడేమీ ఉండదు. తొడ మీది చర్మం తీసి మొండికి అతికారు. దానికో బిల్లు, గదికో బిల్లు, మత్తు డాక్టరు గారికి వేరే బిల్లు. వేలు అతకనందుకే ఇంతయితే అతికితే ఎంతయ్యేదో! బోటు ఓనరు ఎంతో కొంత ఇచ్చి చేతులు కడుక్కున్నాడు. ఆయనకి కడుక్కోడానికి రెండు చేతులూ బాగానే ఉన్నాయి.

మిగతాది ఎవరు కడతారన్నప్పుడు, "ఎవడు చేసేడో వాడే కడతాడు," అంది రత్నం.

"ఇలా ఇయ్యక్కా," అని గంగబాబు ఆ కాయితాలు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. బండి అమ్మేశాడు. వాడికి ఆ బండి అంటే ఎంత పిచ్చో చెప్పలేను, ఆదివారం పూట దాన్ని కడిగే తీరు చూసి గేదెని కూడా అలా కడగరని ఏడిపించేవాణ్ణి. రాజోలులో నా చేతి ఎక్సర్‌సైజులకీ, మందులకీ కూడా వాడే ఇచ్చేవాడు. రత్నం వాణ్ణి ఇంట్లోకి మాత్రం రానిచ్చేది కాదు. పక్కనే స్నేహితుడి గదిలో ఉండేవాడు. మందుల కవరు అరుగు మీద పెట్టి, రోడ్డు మీద నిలబడి, "బావా, ఎలా ఉంది?" అని అడిగేవాడు.

"బాగుందిరా," అనేవాణ్ణి.

ప్రతిసారీ ఇవాళ చెప్పేయాలనుకునేవాణ్ణి. లోపలికి వచ్చేసరికి రత్నం ఐసు పెట్టె తోముతూ కనిపించేది. నేను మూల కూర్చున్నాక ఇల్లు నడిచేది ఆ పెట్టె మీదే. ఆమెకి ఉన్న గర్వం కూడా అదొక్కటే. నీ చేతి వల్లే నా వేలు చచ్చిందని చెబితే, ఇంక ఐసులో చెయ్యి పెడుతుందా? నా మొహం చూస్తుందా? కుర్రాడు, తట్టుకుంటాడులే అని సర్దిచెప్పుకున్నాను. తట్టుకునేవాడి మీదే బరువు వెయ్యడం లోకంలో మామూలే కదా. నేనూ లోకం తోటే పోయాను.

వాడు తట్టుకోలేదు. చిక్కిపోయాడు. ఒకరోజు రేవులో పక్కకి పిలిచాడు.

"వించి మానేసేను బావా. లివరు ముట్టుకుంటే నీ కేకే వినిపిస్తోంది." అని నా మొండి చేతి వైపు చూశాడు. "నిజం చెప్పు బావా. నేను లేటుగా ఆపేనా? నాకు గుర్తుండి వెంటనే ఆపేసేను. కానీ ఏమో, గుర్తు తప్పేమో అనిపిస్తోంది. నువ్వు చెప్పు, నమ్ముతాను."

ఒక్క మాట చాలు. లేదురా అంటే సరిపోతుంది. కానీ అన్నానంటే, అయితే మరి ఎలా నలిగింది బావా అని అడుగుతాడు. అప్పుడేం చెప్పను?

"వదిలెయ్యరా. అయిపోయిందేదో అయిపోయింది," అన్నాను.

వాడు తలూపాడు. "ఆయ్, సరే బావా," అన్నాడు. ఆ తలూపడం చూసి నా మీద నాకే అసహ్యమేసింది. అయినా నోరు తెరవలేదు.

ఆ వారంలోనే మంగుళూరు బోట్ల వాళ్ళ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆసుపత్రి బాకీ మొత్తం కట్టేశాడు. అడ్వాన్సు తీరేదాకా అక్కడే పని. బయల్దేరేటప్పుడు సంచి భుజానేసుకుని మా ఇంటి ముందు నిలబడ్డాడు. "అక్కా, వెళ్ళొస్తానే," అని పిలిచాడు. రత్నం వంటింట్లోంచి బయటికి రాలేదు. గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. వాడు కాసేపు చూసి, నాకు దణ్ణం పెట్టి, ఆటో ఎక్కాడు. ఎప్పుడూ దణ్ణం పెట్టని వెధవ.

వాడు వెళ్ళిన మర్నాడు రత్నం చేపలకి వెళ్ళలేదు. ఆ పై రోజూ వెళ్ళలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఊరికే రోడ్డు చూస్తోంది. ఇంక నా వల్ల కాలేదు. పక్కన కూర్చున్నాను.

"రత్నం, వాడి తప్పు లేదే. వేలు నలగలేదు. డాక్టరు చేత ఆ మాట చెప్పించింది నేను. ఐసు తగిలి..."

"తెలుసు," అంది.

ఆమె నా వైపు తిరిగింది.

"పెట్టె విప్పిన నర్సమ్మ ఆ రోజే కౌంటరు దగ్గర చెప్పింది. ఉప్పు ఐసులో పెట్టేసేవేంటమ్మా, వేలు గడ్డకట్టి చచ్చిపోయింది అంది. నా కాళ్ళ కింద భూమి లేదు మావా. అంతలో డాక్టరొచ్చి నలిగిపోయిందన్నాడు. అంత చదువుకున్నాయనకి తెలీదా, నర్సమ్మకేం తెలుసు అనుకున్నాను. నమ్మాలని నమ్మేను. నమ్మడానికి వాణ్ణి తిట్టేను. తిట్టకుండా ఉన్న రోజు నర్సమ్మ మాట చెవిలో గింగురుమనేది." నా మొండి చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నీకు తెలిస్తే నన్నొదిలేస్తావని భయపడ్డాను. వాడైతే ఎన్ని తిట్టినా నన్నొదలడని ధైర్యం."

ఇద్దరం ఏడ్చాం. ఆమె మీద కోపం రాలేదు, వచ్చే హక్కు లేదు. ఆమె నా కోసం, నేను ఆమె కోసం, ఇద్దరం కలిసి ఆ పిల్లాణ్ణి తెగనరికాం.

రత్నం వాడికి ఫోను చేసింది. ఒక్క రింగుకే ఎత్తాడు. వెనకాల ఇంజన్ల రొద.

"అక్కా! నువ్వేనా? నిజంగా నువ్వేనా అక్కా?" వాడి గొంతులో సంతోషం విని రత్నం నోరు నొక్కుకుంది. "తిన్నావా అక్కా? బావ చెయ్యెలా ఉంది? వచ్చే నెల డబ్బులు పంపుతాను, రాజోలు వెళ్ళడం మానిపించకు. మానేస్తే మిగతా వేళ్ళు బిగుసుకుపోతాయంట."

"తమ్ముడూ, నీ తప్పేం లేదురా. నా ఐసు వల్లే పోయింది. నువ్వు టయానికే ఆపేవు. ఇంటికొచ్చెయ్యరా."

అటువైపు ఇంజన్ల రొద తగ్గింది, వాడు పక్కకి వచ్చినట్టున్నాడు.

"అలా అనకక్కా. నా మీద జాలితో నీ మీదేసుకోకు."

నేను ఫోను లాక్కున్నాను. "ఒరేయ్, నిజంరా. డాక్టరు నాతో చెప్పేడు. ఆ రోజు నేనే..."

వాడు నవ్వాడు. ఏడుస్తూ నవ్వాడు.

"నువ్వూ మొదలెట్టేవా బావా? ఇద్దరూ కూడబలుక్కున్నారా? నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకండి. ఆ రోజు రేవులో నిన్ను అడిగేనుగా. నీకు అబద్ధం చెప్పడం చేతకాక మాట దాటేసేవు. నేను లేటుగానే ఆపేనని నాకు అప్పుడే తెలిసిపోయింది."