పచ్చగుడ్డ మీది తాళంచెవులు

మా తాళాల కొట్టు కౌంటరు మీద పరిచిన పచ్చగుడ్డ నేను కుట్టిందే. కుట్టిన రోజే దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించి పక్కింటావిడతో మాటల్లో పడ్డాను. ఒక మూల పడవ ఆకారంలో మాడిపోయింది. పారేస్తానంటే మా ఆయన ఒప్పుకోలేదు. "మచ్చ ఉంటేనే మనదని ఆనవాలు, ఉండనీవే" అన్నారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. గుడ్డ మాత్రం గట్టిపిండం, ఇంకా ఉంది. ఆ మచ్చే ఒక మధ్యాహ్నం నా ఫోనులో కనబడింది.

అంతకుముందు నా ట్రంకుపెట్టె తాళంచెవి పోయింది. తాళాలవాడి తల్లి పెట్టె తెరుచుకోలేక కూర్చుంటే నలుగురూ నవ్వరూ! కొడుకునడిగితే "అది పాత రకం అమ్మా, ఎలా ఉంటుందో ఏదైనా బొమ్మ చూపించు, చేసిస్తాను" అన్నాడు. నా చదువు అంతంతమాత్రం. ఫోనుతో పనంతా నోటితోనే. "పాత ఇత్తడి తాళంచెవి బొమ్మలు చూపించు తల్లీ" అన్నాను. నేను "తల్లీ" అంటే దానికి అర్థమవుతుందో లేదోగానీ, బొమ్మలు మాత్రం కుప్పలుగా పోసింది. ఒక్కొక్కటే పైకి తోస్తూ పోతుంటే పచ్చగుడ్డ కనబడింది. దాని మూల పడవ మచ్చ. గుడ్డ మీద ఒక తాళంచెవి, దానికి దారంతో కట్టిన చీటీ, చీటీ మీద మా కోడలి గుండ్రటి అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. మనిషి పేరు, ఇంటి నంబరు, వీధి.

అది నా కాలికి కట్టు కట్టే మా నర్సమ్మ పేరు.

మా కొట్టు పద్ధతి ముందు చెప్పాలి. ఏ తాళంచెవి వచ్చినా పచ్చగుడ్డ మీద పెట్టి, చీటీ కట్టి, పేరూ ఇంటి నంబరూ రాయాలి. మా ఆయన పెట్టిన నియమం. ఒకసారి ఇద్దరివి తారుమారై, ఒకాయన దర్జాగా పక్కవాళ్ళ ఇంట్లోకి వెళ్ళి చెప్పులు విప్పాక గానీ తెలుసుకోలేదట. కోడలు వచ్చాక దానికి ఇంకొకటి కలిపింది. చీటీతో సహా ఫొటో తీసి, మా కొట్టు వెబ్‌సైటులో దాచేది. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు ఫోను చేస్తే చాలు, ఫొటో చూసి మావాడు కొత్తది కోసి పంపించేవాడు. ఆ సదుపాయంతోనే మా కొట్టుకు పేరొచ్చింది.

ఫోను పట్టుకుని లోపలి గదిలోంచి కొట్టులోకి పరిగెత్తాను. నా మోకాళ్ళు కూడా ఆశ్చర్యపోయి ఉంటాయి. కోడలు చూసింది. దాని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇది బయటికెలా వచ్చింది అత్తయ్యా?"

"నన్నడుగుతావేమే? దాచింది నువ్వు!"

కంప్యూటరు ముందు కూర్చుని టకటకా ఏవేవో తెరిచింది. పచ్చగుడ్డ, పచ్చగుడ్డ, పచ్చగుడ్డ. తెర నిండా మా మచ్చే. మమ్మల్ని నమ్మి వచ్చినవాళ్ళ తాళంచెవులన్నీ, పేర్లతో, ఇళ్ళ నంబర్లతో, లోకం ముందు ఆరేసి ఉన్నాయి.

తాళాలు కోసే యంత్రం ఆపి మావాడు వచ్చాడు. "మన సైటుకి తాళం ఉంది కదే! పైన బొమ్మ కూడా వచ్చింది కదా!"

ఆ బొమ్మదీ ఒక కథే. కిందటేడు ఉన్నట్టుండి మా సైటు తెరిస్తే "ఇది సురక్షితం కాదు" అని రాసి వచ్చేది. వెతికిపెట్టే కంపెనీవాళ్ళు పెట్టిన షరతట. వాళ్ళు చెప్పినట్టు మార్చుకోకపోతే వెనక్కి నెట్టేస్తారట. తాళాలమ్మేవాళ్ళ కొట్టుకే భద్రత లేదని రాస్తే ఎవరొస్తారు? కోడలు నానా తిప్పలూ పడి సైటును కొత్త చోటికి మార్చింది. అడ్రసు పక్కన చిన్న తాళంకప్ప బొమ్మ వచ్చింది. మావాడు అది చూసి మురిసిపోయాడు. పుట్టినప్పటినుంచీ తాళాల మధ్య పెరిగినవాడు, తాళం బొమ్మ కనబడితే ఇంక అన్నీ భద్రమే అనుకున్నాడు. మేమందరం అలాగే అనుకున్నాం.

"ఆ తాళం దారికండీ" అంది కోడలు. "వచ్చేపోయే మాటలు మధ్యలో ఎవరూ వినకుండా. బీరువాకి వేరే వేయాలి. సైటు మార్చినప్పుడు ఫొటోల బీరువాని గుమ్మం బయట వదిలేశాను. వాళ్ళ యంత్రం ఒకటి ఊరంతా తిరుగుతూ ఉంటుంది. తలుపు తెరిచున్న ప్రతిచోటా దూరి, కనబడిందల్లా నకలు తీసుకుపోతుంది. బొమ్మలో రాతని కూడా చదివేస్తుంది."

నేను కూడబలుక్కున్న చీటీని అది రెప్పపాటులో చదివేసిందన్నమాట.

"చెరిపెయ్యవే మరి!"

"చెరిపేశాను. మన దగ్గర పోయింది. వాళ్ళ దగ్గరున్న నకలు పోలేదు." మళ్ళీ వెతికింది. నర్సమ్మ తాళంచెవి తాపీగా వచ్చి కూర్చుంది.

"ఫోను చేసి అడుగు."

"వాళ్ళకి నంబరుండదు అత్తయ్యా. రాసి పంపాలంతే."

"లోకంలో అందరి గుట్టూ దగ్గర పెట్టుకున్నవాడికి ఒక ఫోను లేదా!"

దారులు రెండున్నాయంది కోడలు. ఒకటి, ఒక్కో బొమ్మకీ విడిగా తీసెయ్యమని అడగడం. అవి వందల్లో ఉన్నాయి. రెండోది, మా సైటు మొత్తాన్నీ వాళ్ళ వెతుకులాటలోంచి తీసెయ్యమని ఒక్కసారే అడగడం. అది తొందరగా అవుతుంది. కానీ ఆ తర్వాత ఎవరు తాళాల కొట్టు అని వెతికినా మేము కనబడం. నెలల తరబడి.

మావాడు గోడకు ఆనుకున్నాడు. "ఇవాళ మనుషులు వీధిలో చూసి రావడం లేదే. ఫోనులో చూసి వస్తున్నారు. అందులో లేమంటే చచ్చినట్టే. ముందు నర్సమ్మది ఒక్కటీ పంపు. మిగతావి నెమ్మదిగా చూద్దాం."

కోడలు పంపింది. "మీ అభ్యర్థన అందింది, పరిశీలిస్తున్నాం" అని జవాబొచ్చింది. ఎవరు పరిశీలిస్తున్నారో, మనిషో యంత్రమో, దేవుడికెరుక.

నర్సమ్మ సంగతి మా ఇంట్లో నాకే ఎక్కువ తెలుసు. నా కాలి పుండుకు కట్టు కట్టడానికి రోజూ వచ్చేది. చెయ్యి దూదిలా ఉంటుంది, మాట మాత్రం తక్కువ. ఒకరోజు కట్టు విప్పుతుంటే దాని మణికట్టు మీద పాత కాల్పు గుర్తు చూసి, "ఎవరే అమ్మా?" అన్నాను. అప్పుడు చెప్పింది. మొగుణ్ణి వదిలి, కూతుర్ని తీసుకుని ఇంత దూరం వచ్చేసిందట. గుమ్మం మీద పేరు కూడా రాయించుకోలేదు. ఇంటి తాళం మార్పించుకోవడానికి మా కొట్టుకే వెళ్ళమని చెప్పింది నేనే. "మావాడి తాళం వేస్తే చీమ కూడా దూరదు" అన్నాను.

ఫోను చేశాను. ముందు రాత్రి డ్యూటీ చేసి పడుకున్నట్టుంది, నిద్రగొంతుతో ఎత్తింది. సంగతి చెప్పాను.

"అమ్మమ్మగారూ, నిన్న ఆయన ఫోను చేశాడు. కొత్త నంబరు ఎలా దొరికిందో! 'నీ పేరు కొడితే చాలు, ఎక్కడున్నావో లోకమే చెబుతోంది' అన్నాడు. ఉత్త బెదిరింపేమో అనుకున్నా."

"పోలీసులకి చెప్పు. మేమొస్తున్నాం. మా గొంతు వినేదాకా తలుపు తియ్యకు."

మావాడు తాళంలో చెవి దూరే గొట్టం, అదే కొత్త సిలిండరు, పనిముట్ల పెట్టె తీసుకున్నాడు. "నువ్వెందుకమ్మా?" అన్నాడు. "వణికిపోతున్న పిల్ల నిన్ను చూసి తలుపు తీస్తుందా, నన్ను చూసి తీస్తుందా?" అని బండి వెనక ఎక్కాను.

నాలుగో అంతస్తు. లిఫ్టు పాడైంది. మెట్టుమెట్టుకీ ఆగి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తూ ఎక్కాను. నర్సమ్మ తలుపు తీసింది. బట్టలన్నీ అప్పటికే ఒక సంచిలో కుక్కి పెట్టింది. "పోలీసులు వస్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు" అంది. తలుపుకి లోపల గడియ లేదు. ఎప్పుడో ఊడిపోయిందట, ఇంటివాళ్ళు వేయించలేదట.

మావాడు తలుపు తీసి పెట్టి, పాత సిలిండరు లాగేసి, కొత్తది దోపాడు. దాన్ని పట్టి ఉంచే పొడుగాటి స్క్రూ ఒకటుంటుంది, తలుపు అంచులోంచి బిగించాలి. అది చేతిలోకి తీసుకున్నాడో లేదో, మెట్ల మీద అడుగుల చప్పుడు.

"మా పాప కాదు" అంది నర్సమ్మ. "పాపయితే పాడుకుంటూ వస్తుంది."

మావాడు చప్పుడు కాకుండా తలుపు మూసి, కొత్త తాళం తిప్పాడు. స్క్రూ వాడి చేతిలోనే ఉండిపోయింది.

"స్క్రూ లేకపోతే?" అని పెదవులతోనే అడిగాను.

"గట్టిగా లాగితే సిలిండరు ఊడి వచ్చేస్తుంది" అని, లోపలివైపు సిలిండరు కొసను రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. నా ఒళ్ళు జీవితంలో మొదటిసారి ఒక పనికొచ్చింది.

అడుగులు గుమ్మం ముందు ఆగాయి. తలుపు తట్టలేదు. పిలవలేదు. నా నడుము పక్కనే తాళంలోకి ఒక తాళంచెవి దిగిన చప్పుడు. మెత్తగా, అలవాటైన ఇంటికి వచ్చినవాడిలా. ఎవరో మా ఫొటో చూసి కోసిచ్చిన తాళంచెవి! తిప్పాడు. తిరగలేదు. మళ్ళీ తిప్పాడు. మావాడి మెడ నరాలు తాళ్ళలా లేచాయి. నర్సమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని నేలమీద కూలబడింది.

ఈసారి లాగాడు. మావాడి వేళ్ళ మధ్య సిలిండరు కాస్త కదిలింది.

ఆ క్షణంలో నాకు తోచిన పని చేశాను. గొంతంతా పెట్టి అరిచాను.

"ఎవడ్రా అది? స్నానం చేస్తున్న ముసలిదాని తలుపు కెలుకుతున్నది ఎవడ్రా?"

లాగడం ఆగింది. "ఇక్కడ... నర్సు ఉంటుంది కదా?"

"నర్సా? ఏ కాలంలో ఉన్నావు నాయనా! ఎప్పుడో ఖాళీ చేసి పోయింది. ఇప్పుడు నేనూ నా కొడుకూ ఉంటున్నాం. ఒరేయ్ పెద్దాడా, ఆ ఇనపకడ్డీ ఇలా తే!"

"ఫోనులో ఇదే అడ్రసు ఉంది."

"ఫోనులో ఉన్నదల్లా నిజమనుకుని జనం కొంపల మీదికి వస్తావా? పో, పోయి ఆ ఫోన్నే సరిగ్గా అడుగు!"

కాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత తాళంచెవి బయటికి జారింది. అడుగులు దిగిపోయాయి. మావాడు చేతులు వదల్లేదు. వదలమంటే, వేళ్ళు విడిపోవడం లేదన్నాడు.

నర్సమ్మ మాత్రం లేచి బడికి ఫోను చేసింది. తను వచ్చేదాకా పాపను గేటు దాటనివ్వొద్దని చెప్పింది. అప్పుడు ఏడ్చింది.

నేనేమో గెలిచినంత సంబరంలో ఉన్నాను. మావాడే నా మొహం చూసి నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, ఆ ఫోన్నే అడుగు అని పంపించావు. అడుగుతాడు. అదేం చెబుతుంది?"

నేను ఎంత గొంతు చించుకున్నా, నా మాటా ఆ కంపెనీ మాటా పక్కపక్కన పెడితే జనం నమ్మేది ఎవరిని? అది ఇంకా ఇదే ఇంటి నంబరు చూపిస్తుంటే, వాడు ఆ మెట్ల కిందనుంచే తిరిగొస్తాడు.

మావాడు కోడలికి ఫోను కలిపాడు. "నర్సమ్మ బొమ్మకి జవాబొచ్చిందా?"

"లేదండీ. పరిశీలిస్తున్నామనే ఉంది."

"అయితే మొత్తం తీసెయ్యమని పంపించు."

"కొట్టు కూడా పోతుందండీ."

"పోనీ. ఇప్పుడే నొక్కు."

నొక్కింది. మావాడు వేళ్ళు దులుపుకుని, స్క్రూ బిగించి, పెట్టెలోంచి ఒక గడియ తీసి లోపల అదీ బిగించాడు. పోలీసులు వచ్చి రాసుకున్నారు. నర్సమ్మ పాపను తీసుకుని తోటి నర్సు ఇంటికి వెళ్ళింది. తిరిగి ఇంటికొచ్చే దారిపొడుగునా నేను నిమిషానికోసారి నర్సమ్మ పేరు ఫోనులో అడుగుతూనే ఉన్నాను. అది చూపిస్తూనే ఉంది. దీపాలు పెట్టే వేళకి ఒకసారి అడిగితే పచ్చగుడ్డ రాలేదు. మా కొట్టు పేరు అడిగాను. అదీ రాలేదు. ఇన్నేళ్ళ కొట్టు, ఊదేసిన దీపంలా పోయింది. నాకు ఏడుపొచ్చింది, హాయిగానూ అనిపించింది.

వాడు మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ఎక్కడున్నాడో పోలీసులు వెతుకుతున్నారు. నర్సమ్మ ఇల్లు మారింది. ఎక్కడికో ఇక్కడ కూడా చెప్పను.

కానీ ఆ ఫొటోలు అప్పటికే ఎవరెవరు చూశారో ఎవరికి తెలుసు? తాళంచెవి ఇచ్చేటప్పుడు విప్పి కోడలు దాచిన చీటీల ప్రకారం ఒక్కో ఇంటికీ వెళ్ళి, తప్పు మాదేనని చెప్పి, ఊరికే తాళం మార్చి రావాలని అనుకున్నాం. మొదటి ఇంటి తలుపు తట్టాం. గొలుసు సందులోంచి ఒకావిడ కళ్ళు మాత్రం కనబడ్డాయి. సంగతంతా చెప్పాను.

"మీరు ఎవరో నాకెలా తెలుస్తుంది? ఉండండి" అని ఫోను తీసి వెతికింది. "ఆ పేరుతో కొట్టే లేదే!"

ఏం చెబుతాం? మమ్మల్ని మేమే చెరిపేసుకున్నామని చెబితే ఇంకా అనుమానిస్తుంది.

సంచిలోంచి పచ్చగుడ్డ తీసి, మచ్చ ఆవిడకి కనబడేలా విప్పి పట్టుకున్నాను.

ఆవిడ కాసేపు చూసింది. "దీని మీదే నా తాళంచెవి పెట్టారు. ఇస్త్రీ మచ్చ కదూ? ఇంత మంచి గుడ్డ ఎవరు మాడ్చారో అనుకున్నానప్పుడు."

"నేనేనమ్మా."

గొలుసు తీసింది.